బేలుకున్నపాటి గ్రేడు

మా జంగారెడ్డిగూడెంలో పుట్టినరోజు చేయాలంటే ఒకప్పుడు ముందు కేకు చెప్పి, తర్వాత ఫ్లెక్సీ వేయించేవాళ్లు. ఇప్పుడు వరస మారింది. ముందు వృద్ధాశ్రమంలో డేటు దొరకాలి. మాఘమాసంలో కల్యాణమండపాలు దొరకనట్టే, ఆదివారం మధ్యాహ్నాలు మాకు ముసలివాళ్లు దొరకడం లేదు.

ఈమధ్య ఒక మిత్రుడి మనవడి మొదటి పుట్టినరోజుకు నేనూ వెళ్లాను. ఏ ఆశ్రమమో చెప్పను. లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా గోడ మీద ‘ఇది ఆశ్రమం కాదు, మీ సొంత ఇల్లు’ అని రాసుంది. తాళంచెవి మాత్రం వార్డెన్ గారి జేబులో ఉంది. పన్నెండింటికి వస్తామని చెప్పి ఒంటిగంటకు వెళ్లాం. అప్పటికే అందరినీ వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టి ఉంచారు. ఫొటోగ్రాఫర్ ఇంకో పావుగంట తిన్నాడు. షుగరున్న నోళ్లలో క్రీము పెట్టాం, పళ్లు లేని నోళ్లలో మైసూరుపాకు పెట్టాం. వార్డెన్ గారు సైగ చేయగానే చేతులన్నీ ఒక్కసారి లేచి బిడ్డను దీవించాయి. బాగా అలవాటు పడ్డ చేతులు!

వడ్డన దగ్గర ఒక పెద్దావిడ నా చొక్కా అంచు పట్టుకుంది. “బాబూ, రాత్రిపూట లేవాలంటే పట్టుకోడానికి ఎవరూ ఉండరండి” అంది.

“మేం లేమా మామ్మగారూ!” అంటూ మా మిత్రుడు ఆవిడ ఆకులో ఇంకో జిలేబీ వేశాడు. రెండున్నరకల్లా మేం లేము.

సాయంత్రానికి వాట్సాప్ నిండా ఫొటోలు. ‘ఎంత శుభ్రమో! కన్నబిడ్డల్లా చూసుకుంటున్నారు!’ ఇదండీ మా ఊరి నాణ్యతా పరీక్ష. గంటన్నరసేపు చూసి, అక్కడ బతికేవాడు కాకుండా అక్కడ ఫొటో దిగినవాడు వేసే మార్కులు. పక్కమీద కదలలేని మనిషిని రాత్రి ఎన్నిసార్లు పక్కకు తిప్పుతారు, వీపు పుండ్లు ఎవరు చూస్తారు, బీపీ మాత్ర వేశారో లేదో ఎక్కడ రాస్తారు, ఒకటో తారీఖున వచ్చే నాలుగువేల పింఛను ఎవరి చేతికి పోతుంది? ఈ నాలుగు ప్రశ్నలు అడిగినవాణ్ని పుట్టినరోజుకు పిలవరు. నన్నూ ఇక పిలవరు.

కడుపులో పెట్టుకుని చూసేవాళ్లు లేరనను. ఉన్నారు, వాళ్లకు దండం. వాళ్లకూ తక్కినవాళ్లకూ తేడా ఫలానా అని చెప్పే మూడో మనిషి లేడనే నా గొడవ.

గ్రేడు కట్టడం మాకు తెలియని విద్యా అంటే, కాదు. వర్జీనియా పొగాకు వేలం కేంద్రం ఉన్న ఊరు మాది. వేలానికొచ్చిన ప్రతి బేలుకూ ఒక నంబరుంటుంది. పండించిన రైతూ, కొనే కంపెనీవాడూ కాకుండా పొగాకు బోర్డు మనిషి ఆకు రంగు, మచ్చ, మందం చూసి గ్రేడు రాస్తాడు. ‘మా ఆకును కన్నబిడ్డలా పెంచామండీ’ అంటే బ్రైటు గ్రేడు రాయడు. ఎవరూ పాడకపోతే అది ‘నో బిడ్’. రైతు తిట్టుకుంటూనే ఆ బేలును ఇంటికి తీసుకుపోయి, విప్పి, ఏరి, మళ్లీ కట్టి తెస్తాడు. నో బిడ్ అయిన అమ్మను మాత్రం ఎవరూ ఇంటికి తీసుకుపోరు.

చట్టం లేదా అంటే, ఉంది. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లోనే వచ్చింది. 19వ సెక్షన్ ప్రకారం, జిల్లాకు కనీసం ఒకటి మొదలుపెట్టి, 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండేలా రాష్ట్ర ప్రభుత్వం ఆశ్రమాలు ఏర్పాటు ‘చేయవచ్చు’. మహత్తంతా ఆ ‘వచ్చు’లోనే ఉంది. చేయవచ్చు, చేయకపోనూవచ్చు. అక్కడ ఏ వసతులుండాలో, ఏ ప్రమాణాలు పాటించాలో కూడా నిర్ణయించ‘వచ్చు’. కొడుకు అన్నం పెట్టకపోతే ఆర్డీవో గారి ట్రిబ్యునల్ ఉంది, మా ఊళ్లోనే. రాత్రి మంచం మీంచి పడ్డ మామ్మగారు 14567కి ఫోన్ చేయాలి. ఆ ఎల్డర్‌లైన్ పొద్దున్న ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పనిచేస్తుంది. కాబట్టి వృద్ధులకు మనవి: పడితే పగలే పడండి.

ముసలివాళ్ల కథ ఇది. మరి నలభై ఏళ్లొచ్చినా తనంతట తాను స్నానం చేయలేని కొడుకును పెట్టుకుని, ‘నా తర్వాత వీడికెవరు’ అని ఏడ్చే తల్లి సంగతో? ఆవిడ కోసం 1999లో నేషనల్ ట్రస్టు చట్టం చేశారు. ఆ ట్రస్టు పెద్దవాళ్లయిన ఇలాంటి బిడ్డలకు జీవితాంతం ఇల్లూ సంరక్షణా ఇచ్చే పథకం పెట్టి, దానికి ‘ఘరౌందా’ అని పేరు పెట్టింది. హిందీ తెలిసినవాళ్లను అడిగాను. పిల్లలు ఇసుకతో కట్టుకునే బొమ్మరిల్లట. మన పిచ్చుకగూడు! నిజం చెప్పే ప్రభుత్వ పేర్లు అరుదు.

ఇక మానసిక రోగుల సంగతి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక మానసిక రోగుల ఆశ్రమం తగలబడి 28 మంది చనిపోయారు. కాళ్లకు గొలుసులుండబట్టి పరిగెత్తలేకపోయారు. మనిషిని గొలుసుతో కట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్‌లో రాసుకున్నాం. పదహారేళ్లు ఆలోచించి రాసుకున్నాం.

నేనడిగే ఆ మూడో మనిషి ఇంగ్లండులో ఉన్నాడు, కేర్ క్వాలిటీ కమిషన్ అని. చెప్పకుండా వచ్చి తనిఖీ చేస్తుంది, నాలుగు గ్రేడుల్లో ఒకటి ఇస్తుంది, ఆ గ్రేడును గోడకు తగిలించాల్సిందే. ఈ గ్రేడులు అప్పటికింకా రాకపోయినా, ఆ కమిషన్ ఉండగానే 2011లో బ్రిస్టల్ దగ్గర వింటర్‌బోర్న్ వ్యూ అనే ఆసుపత్రిలో మేధో వైకల్యమున్నవాళ్లను సిబ్బంది కొడుతున్న సంగతి బీబీసీ రహస్య కెమెరా పెడితేగానీ బయటపడలేదు. తనిఖీదార్లున్న చోటే అలా జరిగితే, కేకు కోయడమే తనిఖీ అనుకునే చోట ఎలా ఉంటుందో మీరే లెక్కవేసుకోండి. ఆ దేశంలో ముసలివాళ్ల పక్కబట్టలు మార్చే వీసా కోసం మన కుర్రాళ్లు పొలాలమ్మి లక్షలు పోశారు. అక్కడ దాని పేరు కేరర్ ఉద్యోగం. అదే పని ఇక్కడ చేస్తే ఆయా, జీతం అడిగితే ‘సేవ కదమ్మా’.

నా పుట్టినరోజు దగ్గరికొస్తోంది. మొన్న ఆ ఆశ్రమానికే వెళ్లి, భోజనం వద్దు, కేకు వద్దు, ఈ డబ్బు రాత్రి ఆయా జీతానికి రాసుకోండి అన్నాను. వార్డెన్ గారు మర్యాదస్తుడు, కుర్చీ వేసి రసీదు పుస్తకం తీశారు. అందులో టిఫిన్‌కు గడి ఉంది, మధ్యాహ్న భోజనానికి ఉంది, స్వీటుతో అయితే వేరే గడి ఉంది, దుప్పట్లకు ఉంది, గేటు మీద పేరు చెక్కించడానికి ఉంది. అటూ ఇటూ రెండుసార్లు తిప్పి చూశారు.

“ఆ పద్దు లేదండి. స్వీటు కింద రాసేమంటారా?” అన్నారు.