పుట్టిన చోటు

2025 జనవరి 20న ట్రంప్ పెట్టిన ఒక సంతకం జంగారెడ్డిగూడెం శివారులోని ఓ పొగాకు రైతు ఇంట్లో నిద్ర లేకుండా చేసింది. కొడుకు డాలస్‌లో హెచ్-1బీ వీసా మీద ఉద్యోగం చేస్తున్నాడు. కోడలిది భర్త వీసాతో పాటు వచ్చే హెచ్-4. ఇద్దరికీ గ్రీన్‌కార్డు లేదు. కోడలికి నెలలు నిండుతున్నాయి. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేకపోతే, ఫిబ్రవరి 19 తర్వాత పుట్టే బిడ్డ అమెరికా పౌరుడు కాడని ఆ ఉత్తర్వు. కోడలికి డాక్టర్లు ఇచ్చిన తేదీ ఫిబ్రవరి 24.

ముందే ఆపరేషన్ చేయించేయమని న్యూజెర్సీ చుట్టాలు సలహా ఇచ్చారు. పెద్దాయన పంతులుగారి దగ్గరికి వెళ్లి 19లోపు ముహూర్తం అడిగొచ్చాడు. ఆయన భార్య ససేమిరా అంది. కాగితం కోసం నెలలు నిండని బిడ్డను బయటికి లాగుతారా అని ఏడ్చింది. గుర్వాయిగూడెం మద్ది ఆంజనేయస్వామికి నూటఎనిమిది ప్రదక్షిణలు మొక్కుకుంది.

అది పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల కాలం. ఆకు ఎక్కించాక వారం పాటు రాత్రీ పగలూ పొయ్యి ఆరకూడదు. వేడి కాస్త అటూ ఇటూ అయితే ఆకు రంగు పోతుంది, వేలంలో ధర పోతుంది. అందుకే పెద్దాయన రాత్రిళ్లు బ్యారన్ దగ్గరే మంచం వేయించుకునేవాడు. మనకు అర్ధరాత్రి అయితే డాలస్‌లో మధ్యాహ్నం. కొడుకు భోజనం వేళకు ఫోన్ చేసేవాడు. పెద్దాయనకు చెవులు మందం, స్పీకర్ పెట్టుకునేవాడు. పొయ్యిలోకి కట్టెలు ఎగదోసే మనిషికి ప్రతి మాటా వినపడేది.

ఆ మనిషిది శబరి నది అవతల, ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా. మావోయిస్టుల మీదికి సల్వాజుడుం దండు లేచిన రోజుల్లో, చిన్నప్పుడే, అమ్మానాన్నల వెంట అడవి దాటి వచ్చాడు. ఈ పొలంలోనే పెరిగాడు. ఆరేళ్ల కిందట ఈ బ్యారన్ పక్క పాకలోనే అతనికి కొడుకు పుట్టాడు. ఆ రాత్రి నీళ్లు కాచింది పెద్దాయన భార్య. మంత్రసానిని బండి మీద తెచ్చింది పెద్దాయన.

కొడుకు చెప్పినవన్నీ పెద్దాయనకు కంఠతా వచ్చేశాయి. 1868 నాటి అమెరికా రాజ్యాంగ 14వ సవరణ, విడుదలైన బానిసల పిల్లల్ని మీరు మావాళ్లు కారని ఎవరూ అనకుండా తెచ్చింది. 1898 నాటి వాంగ్ కిమ్ ఆర్క్ కేసు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకు పుట్టిన ఆ వంటవాడు చైనా వెళ్లి తిరిగొస్తే దేశంలోకి రానివ్వలేదు. అతను అమెరికావాడేనని సుప్రీంకోర్టు తేల్చింది. పొద్దున్నే టీ కొట్టు దగ్గర పెద్దాయన ఇవన్నీ చెప్పేవాడు.

"మన దగ్గరా 1987 జులై 1 ముందు దాకా ఇక్కడ పుడితే చాలు," అన్నాడో రిటైరైన మాస్టారు. "తర్వాత తల్లిదండ్రుల్లో ఒకరు మన పౌరులై ఉండాలన్నారు. 2004 డిసెంబరు 3 నుంచి, ఆ రెండోవారు అక్రమంగా వచ్చినవారు కాకూడదన్నారు."

"తప్పు చేశారు మాస్టారూ," అన్నాడు పెద్దాయన. "ఎవరి వీసా ఏంటో పసిగుడ్డుకేం తెలుసు?"

ఒక రాత్రి ఫోన్ పెట్టేశాక పొయ్యి దగ్గర మనిషి అడిగాడు. "అయ్యగారూ, అక్కడ పుట్టినట్టు ఎవరు రాసిస్తారండి?"

"ఆసుపత్రి వాళ్లు."

"ఆసుపత్రిలో పుట్టకపోతేనండి?"

"చూసినవాళ్లెవరైనా సంతకం పెడితే సరిరా."

జనవరి 23న సియాటిల్‌లో ఒక జడ్జి ఆ ఉత్తర్వును పద్నాలుగు రోజులు ఆపాడు. ఫిబ్రవరి 5న మేరీలాండ్‌లో డెబోరా బోర్డ్‌మన్ అనే జడ్జి దేశమంతటా నిలిపేసింది. ఆ కబురు తెలిసిన రాత్రి పెద్దాయన మంచం దిగి వచ్చి పొయ్యి దగ్గర మనిషి భుజాలు పట్టుకుని కుదిపేశాడు. "న్యాయం ఉందిరా," అన్నాడు. గొంతు పూడుకుపోయింది.

మనవడు డాక్టర్లు చెప్పిన రోజునే పుట్టాడు. ఏప్రిల్లో పాస్‌పోర్టు వచ్చింది. కొడుకు ఫోటో తీసి పంపాడు. పిడికిలంత మొహం, దాని పక్కన పుట్టిన చోటు టెక్సాస్ అని ఒక లైను. పెద్దాయన ఆ లైనును రెండు వేళ్లతో పెద్దది చేసి చూపించేవాడు. వేలం కేంద్రంలో రైతులకు చూపించాడు, బ్యాంకులో చూపించాడు, గుళ్లో పూజారికి చూపించాడు. అక్షరాలు పెద్దవయ్యేసరికి బిడ్డ మొహం ఫోన్ అంచు దాటి పోయేది. ఆ లైను ఒక్కటే మిగిలేది.

తాపేశ్వరం కాజాలు తెప్పించి కూలీలందరికీ పంచాడు. బ్యారన్ మనిషి కొడుకును దగ్గరికి పిలిచి, తల నిమిరి, రెండు చేతుల్లో రెండు కాజాలు పెట్టాడు.

వాడి తండ్రి చొక్కా జేబులోంచి ఒక కాగితం తీశాడు. మడతలు విప్పి రెండు చేతులతో అందించాడు.

"పిల్లోడికి ఆధార్ అవ్వట్లేదండి. పుట్టిన సర్టిఫికెట్ కావాలంటన్నారండి. ఏడాది దాటిపోయింది కాబట్టి ఆర్డీవో గారి ఆర్డరు ఉండాలంటండి. ఇక్కడే పుట్టాడని, చూసినవాళ్లుగా మీరో సంతకం పెడితే..."

పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని కాగితం మొత్తం చదివాడు. పుట్టిన చోటు అన్న గడి ఖాళీగా ఉంది. పెన్ను తీశాడు. భార్య గుమ్మంలో నిలబడి చూస్తోంది. పిల్లాడు కాజా కొరుకుతున్నాడు.

పెన్నుకు మూత పెట్టి, కాగితం పాత మడతల మీదే మడిచి వెనక్కి ఇచ్చాడు.

"నీకేం, పెడతాను. రేపు మీవాళ్లంతా వరస కడతారు. వలసొచ్చిన ప్రతివాడి పిల్లాడూ ఇక్కడివాడే అయిపోతే, మా ఊళ్లో మాకేం మిగులుద్దిరా?"