రాయని షరతు

మా రోజుల్లో తల్లికి అన్నం పెడతానని కొడుకు చేత ఎవరూ కాగితం రాయించుకోలేదు. ఊరికే అనడం లేదు. ఏలూరులో నలభై ఏడేళ్ళు దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. 1972లో మా గురువుగారి పక్కన చాప మీద కూర్చుని చెక్కుబందీ రాయడం నేర్చుకున్న దగ్గర్నుంచి, చేతిరాత పోయి కంప్యూటర్లో అచ్చు తీసే రోజుల దాకా ఎన్ని దఖలు దస్తావేజులు నా చేతి మీదుగా వెళ్ళాయో లెక్కలేదు. తల్లి కొడుక్కి, తండ్రి కూతురికి, పిల్లల్లేని పిన్ని అక్క కొడుక్కి. ప్రేమాభిమానముల చేత ఇస్తున్నానని మొదలుపెట్టి, ఇందుపై ఇక నాకు గాని నా వారసులకు గాని ఎట్టి హక్కులు లేవని ముగించేవాణ్ణి. మధ్యలో ఇల్లు ఎన్ని గజాలో, తూర్పున ఎవరి గోడో, పడమర ఏ బోదో అన్నీ ఉండేవి. ఇచ్చిన మనిషి రేపట్నుంచి ఏ గదిలో పడుకోవాలో మాత్రం ఉండేది కాదు. రాయాలని వాళ్ళకీ తోచలేదు, నాకూ తోచలేదు.

అప్పుడు తోచాల్సిన పనీ లేదు. ఆ చోటు ఇంట్లోనే ఉండేది. మాది పెంకుటిల్లు. వీధి గుమ్మానికి అటూ ఇటూ అరుగులు, లోపల వసారా, వసారా చివర నవారు మంచం. ఆ మంచం మా నాయనమ్మది. ఆవిడకి ముందు ఆవిడ అత్తగారిది. అక్కణ్ణుంచి పెరట్లోకి ఒక్కటే గడప. ఆవిడ కాలికి తగులుతోందని మా నాన్న వడ్రంగిని పిలిచి దాన్ని కూడా తీయించేశాడు. పగలంతా అరుగు మీదే. ఒళ్ళో చేట పెట్టుకుని చింతపండు గింజలు తీసేది. వడియాల మీద కాకి వాలకుండా చేతికర్ర నేలకేసి కొట్టేది. పోయేనాటికి చూపు పూర్తిగా పోయింది. అయినా వీధిలో వెళ్ళేది ఎవరో చెప్పుల చప్పుడు విని చెప్పేది, పేరు పెట్టి పిలిచేది, పిలిస్తే ఆగేవారు.

ఇప్పుడా ఇంటి స్థలంలో నాలుగంతస్తుల అపార్టుమెంటు ఉంది. అరుగులున్న చోట కార్లు పెడుతున్నారు. మూడో అంతస్తులో ఒక పెద్దాయన మోకాళ్ళు పట్టేసి ఎనిమిది నెలలుగా కిందికి దిగలేదు. నేను రోడ్డు మీంచి చెయ్యి ఊపుతాను. నేనెవరో ఆయనకి పోల్చుకోవడానికి అందదు, అయినా బాల్కనీ ఊచల్లోంచి తనూ ఊపుతాడు. కొత్త ఇల్లు కడుతున్నారంటే ఈశాన్యం చూస్తారు, సింహద్వారం చూస్తారు. స్నానాల గదిలో పట్టుకోవడానికి ఒక ఇనప గొట్టం గోడకి బిగించండి, నున్నటి పలకలు వేయకండి అంటే, ఇప్పుడే ఎందుకండీ అంటారు. నేనెరిగిన ముసలివాళ్ళలో తుంటి ఎముక విరిగి మంచం పట్టినవాళ్ళు చాలామంది ఆ గదిలో జారినవాళ్ళే.

మా ఆవిడది కొల్లేటి లంక. మా పెళ్ళినాటికి ఆ ఊరికి వెళ్ళాలంటే దోనె ఎక్కాల్సిందే. వరదొస్తే ముందు దోనెలోకి ఎక్కించేది ముసలివాళ్ళనీ చంటిపిల్లల్నీ. అది ఊరి కట్టుబాటు, ఎవరూ చెప్పక్కర్లేదు. 1976లో జలగం వెంగళరావుగారి ప్రభుత్వం లంకవాళ్ళతో సొసైటీలు పెట్టించి చేపల చెరువులిచ్చింది. మా అత్తగారి ఊళ్ళో చెరువు మీద వచ్చింది ఇంటింటికీ వాటాలు వేసేవారు. మగదిక్కు లేని ముసలమ్మ ఇంటికీ వాటా పడేది. తర్వాత డబ్బున్నవాళ్ళు వచ్చి చెరువులు లీజుకు తీసుకున్నారు, గట్లు పెరిగాయి, సరస్సు చిక్కిపోయింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని, సరస్సుకి హద్దుగా పెట్టిన ఐదో కాంటూరు లోపలి గట్లు కొట్టేశారు. కొల్లేరు బతకాలంటే అది తప్పదనేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. కానీ ఆ తర్వాత పనికోసం వెళ్ళిన కుర్రాళ్ళు తిరిగి రాలేదు. ఇవాళ ఆ లంకలో పగటిపూట తిరిగి చూడండి, నెరిసిన తలలే కనిపిస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ నీళ్ళన్నీ కొల్లేట్లోకి దిగినప్పుడు మా పెద్దవదినగారిని మంచంతో సహా పడవెక్కించారు. ఎక్కించినవాళ్ళు నలుగురూ అరవై దాటినవాళ్ళే.

మా రోజులన్నీ బంగారమని చెప్పను. అబద్ధం చెప్పే వయసు కాదిది. మా నాయనమ్మ ఆఖరి మూడేళ్ళూ మంచంలోనే. ఆ మూడేళ్ళూ ఆవిడ పక్కబట్టలు కాలవకి మోసుకెళ్ళి ఉతికింది మా అమ్మ. పుట్టింట్లో పెళ్ళయినా వెళ్ళలేదు, వెళ్తావా అని ఆవిణ్ణి అడిగినవాడూ లేడు. కాగితం మీద లేని ఆ షరతు బరువంతా కోడలి నెత్తిన ఉండేది. మా మేనత్త కొడుకొకడు పుట్టుకతోనే మందమతి. గేదెల్ని మేపుకొచ్చేవాడు, ఊరంతా వాణ్ణి ఎరుగును, ఏ ఇంటికెళ్ళినా ముద్ద పెట్టేవారు. నిజమే. ఇంటికి చుట్టాలొచ్చినరోజు వాణ్ణి పశువుల పాకలో గుంజకి కట్టేసేవారు. అదీ నిజమే. కోడళ్ళు ఇప్పుడు ఉద్యోగాలకి వెళ్తున్నారు, వెళ్ళాలి. పాత కాలం తిరిగి రావాలని నేను అడగడం లేదు. అప్పుడు ఇంట్లో ఒకరి వీపు మీద నడిచిన పని ఇప్పుడు ఎవరిదో, ఎవరి డబ్బుతోనో తేల్చమంటున్నాను. తేలలేదు కాబట్టే ముసలివాళ్ళు వీధిన పడుతున్నారు.

ఇందులో నా పాపం ఒకటుంది. 2014 వేసవిలో కొల్లేటివైపు నుంచి ఒకావిడ వచ్చింది. డెబ్భై ఏళ్ళుంటాయి. పట్నంలో ఉన్న చిన్న డాబా కొడుక్కి రాయాలి. కొడుకు గుమ్మం దగ్గర ఫోను మాట్లాడుతున్నాడు. ఆవిడ ముందుకు వంగి, గొంతు తగ్గించి అడిగింది: "బాబూ, నేను బతికున్నన్నాళ్ళూ ఆ వెనక గది నాదేనని ఒక ముక్క రాస్తావా?" నేనన్నాను: "కడుపున పుట్టినవాడి దగ్గర కాగితాలేంటమ్మా, బాగుండదు." ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. వేలిముద్ర వేసి, బొటనవేలికి అంటిన సిరా జుట్టుకి రాసుకుని లేచింది.

మూడేళ్ళకి మళ్ళీ వచ్చింది. కొడుకు డాబా అమ్మేసి హైదరాబాదు వెళ్ళిపోయాడు. ఆవిడ చెల్లెలి కూతురి వరండాలో ఉంటోంది. నన్ను తిట్టలేదు. "నువ్వప్పుడు రాయలేదు గదా బాబూ" అంది, అంతే. ఆ మాట ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుంది.

నేనే అర్జీ రాసి ఆవిణ్ణి ఆర్డీవోగారి ట్రైబ్యునల్‌కి తీసుకెళ్ళాను. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. దాని కింద వకీలు అక్కర్లేదు. అరవై దాటినవాళ్ళు తెల్లకాగితం మీద రాసి ఇచ్చుకోవచ్చు. నెలకు పదివేలకు మించకుండా మనోవర్తి వేయించవచ్చు. ఆవిడకీ కొంత వేశారు. ఇల్లు మాత్రం రాలేదు. ఆ చట్టంలో 23వ సెక్షన్ ఉంది: చూసుకుంటానన్న షరతు మీద ఆస్తి తీసుకుని చూసుకోకపోతే ఆ దస్తావేజును రద్దు చేయించవచ్చు. షరతు ఎక్కడ రాసుంది? నేను రాయలేదు. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది, షరతు ఉండి తీరాలని. 2025 జనవరిలో ఇంకో తీర్పు వచ్చింది. మధ్యప్రదేశ్‌లో ఒక తల్లి, కొడుక్కి ఆస్తి ఇస్తూ, చూసుకుంటానని వాడి చేత విడిగా ఒక హామీ పత్రం రాయించుకుంది. ఆ పత్రాన్ని కూడా లెక్కలోకి తీసుకుని ఆస్తి ఆవిడకి తిరిగి ఇప్పించారు. చట్టం ముసలివాళ్ళ మేలు కోసం పుట్టింది కాబట్టి దాన్ని ఉదారంగా చదవాలన్నారు. ఒక్క కాగితం ముక్క. ఈ చేతికి రెండు నిమిషాల పని.

అదే చట్టంలో 19వ సెక్షన్ చూడండి. జిల్లాకి ఒకటైనా చొప్పున, 150 మంది దిక్కులేని వృద్ధులు పట్టే ఆశ్రమాలు ప్రభుత్వం ఏర్పాటు చేయవచ్చు, దశలవారీగా. చేయవచ్చు అట. చేయవలెను అని లేదు. మాటకి మాట తూచి రాసి పొట్టపోసుకున్నవాణ్ణి, ఆ ఒక్క పదంలో ఎన్ని వేలమంది మంచాలు పోయాయో నాకు కనబడుతుంది. 2022 ఏప్రిల్‌లో మా జిల్లాని విడదీశారు. ఏలూరు ఒక జిల్లా, పశ్చిమగోదావరికి భీమవరం కేంద్రం. జిల్లాలు పెరిగాయి కదా, మంచాలూ పెరగాలని అడిగే మనిషి కావాలి.

ప్రైవేటు ఆశ్రమాలు లేకపోలేదు. మా స్నేహితుడొకాయన కోసం అలాంటి మూడిళ్ళు తిరిగాను. మూడు చోట్లా మొదటి ప్రశ్న ఒకటే: "నడుస్తారా అండీ?" నడవలేకే కదమ్మా చోటు వెతుకుతున్నాం అంటే, తన పనులు తాను చేసుకోగలిగితేనే చేర్చుకుంటామన్నారు. పక్షవాతం వచ్చినవాళ్ళని, మతిమరుపు ముదిరినవాళ్ళని తీసుకునే చోటుకి నెలకి అడిగే డబ్బు మాలాంటివాళ్ళు తేలేరు. ఇంట్లో మనిషిని పెట్టుకుందామంటే దొరకరు. మన గోదావరి జిల్లాల ఆడవాళ్ళు ఎంతమంది కువైట్‌లో ఇళ్ళ పనికి వెళ్ళారో మీకు తెలుసు. అక్కడివాళ్ళ ముసలివాళ్ళకి నీళ్ళు పోసి, అన్నం తినిపించి, ఇక్కడ కన్నతల్లికి డబ్బు పంపుతున్నారు. ఆ తల్లికి నీళ్ళు పోసేవాళ్ళు లేరు. అదే పనికి ఇక్కడ ఒక శిక్షణ, ఒక జీతం, ఒక గౌరవం ఉంటే సగం మందైనా ఊరు వదిలేవారు కాదని నా నమ్మకం.

మంచి జరిగిన చోట మంచి చెప్పాలి. 1995లో కేంద్రం వృద్ధాప్య పింఛను మొదలుపెట్టినప్పుడు నెలకు 75 రూపాయలు. 2024 జులై నుంచి మన రాష్ట్రంలో 4,000, దివ్యాంగులకు 6,000. ఒకటో తారీఖు పొద్దున్నే గ్రామ సచివాలయం అమ్మాయి గుమ్మంలోకే తెచ్చిస్తుంది. మా నాయనమ్మ ఒక్క రూపాయి తనదని ఎరగదు. మా వదినగారు మాత్రం నాలుగువేలూ కొంగున ముడేసుకుని, మనవడికి యాభై తనే ఇస్తుంది. కాకపోతే ఆ లంకలో రొయ్యలు ఒలిచి ఒలిచి ఆడవాళ్ళ వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి, యంత్రం ముద్ర పట్టదు. బొటనవేలు తుడిచి, నూనె రాసి, మళ్ళీ తుడిచి ఆ అమ్మాయి ఓపిగ్గా ప్రయత్నిస్తుంటే చూశాను. కేంద్రం వాటా మాత్రం ఎనభై లోపు వాళ్ళకి ఏళ్ళ తరబడి 200 దగ్గరే ఉంది.

ఈ మధ్య మళ్ళీ ఒక దస్తావేజు రాయాల్సొచ్చింది. తాడేపల్లిగూడెంలో మా చెల్లెలుంది, డెబ్భై ఒకటి. బావగారు పోయి పదకొండేళ్ళు. దానికి ఒక్కగానొక్క కూతురు, నలభై నాలుగేళ్ళది, పుట్టినప్పుడే సెరిబ్రల్ పాల్సీ. మాట మాకు అర్థమవుతుంది, బయటివాళ్ళకి కాదు. కుర్చీలోంచి మంచం మీదికి మార్చాలంటే ఇద్దరు కావాలి. చెల్లెలొక్కతే మారుస్తుంది. ముందు తన రెండు చేతులూ పిల్ల చంకల కింద పెట్టి, "పట్టుకున్నావా?" అని అడుగుతుంది. పిల్ల తల్లి మెడ చుట్టూ చెయ్యి వేశాక ఊపిరి బిగబట్టి లేపుతుంది. ఆ ఊపిరి వదిలే చప్పుడు పక్కగదిలోకి వినపడుతుంది. ఆ పిల్లకి ఆర్నెల్ల వయసులో ఏ ప్రశ్న అడిగిందో, చెల్లెలు ఇప్పటికీ అదే అడుగుతుంది: నా తర్వాత ఎవరు?

ఇలాంటివాళ్ళ కోసం 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. కలెక్టరుగారు అధ్యక్షులుగా ఉండే జిల్లా కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. పెద్దయ్యాక వాళ్ళు ఉండటానికి ఘరౌందా అనే గృహాల పథకం కూడా పెట్టారు. పేరు బాగుంది. గూడెం నుంచి కుర్చీలో తీసుకెళ్ళి దింపి, మనసు నిమ్మళంగా వెనక్కి రాగల అలాంటి ఇల్లు మేము వెతికినంతమేర దొరకలేదు.

చెల్లెలు ఇంటిని మరిది కొడుక్కి ఇద్దామనుకుంది. మంచివాడే. అయినా ఈసారి నేను ఆగలేదు. కళ్ళజోడు పెట్టుకుని చేత్తోనే చిత్తు రాశాను. పడమటి గది, దాని పక్క స్నానాల గది, కుర్చీ పోయే వెడల్పుతో గుమ్మం, పిల్ల జీవించి ఉన్నంతకాలము పిల్లవే. వేరొకరికి అమ్మరాదు, అద్దెకివ్వరాదు. వేళకు భోజనము, మందులు, స్నానము, వైద్యము జరిపించవలెను. జరిపించని ఎడల ఈ దఖలు చెల్లదు. ప్రతి వాక్యం చివరా వలెను అని రాశాను, ఒక్కచోట కూడా వచ్చును అని రాయలేదు. కుర్రవాడు చదివి సంతకానికి ఒప్పుకున్నాడు. కానీ వాడూ వాడి భార్యా ఉద్యోగాలు చేసేది బెంగుళూరులో. డబ్బు పంపుతాడు, చూస్తాడు. ఎత్తి మంచం మీద పడుకోబెట్టే చేతులు ఎవరివి?

ఆ వాక్యం దగ్గర, "సదరు సంరక్షణను స్వయముగా జరుపువారు" అన్న చోట, ఒక గీత గీసి ఖాళీ వదిలాను. చెల్లెలు పిల్లకి పెరుగన్నం తినిపిస్తూ అక్కణ్ణుంచే అడిగింది: "పేరు రాశావా అన్నయ్యా?"

చిత్తు కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. గీత మీద ఏమీ రాయలేదు.