సర్వసన్నద్ధం!

ఏ రోగమైనా రానివ్వండి, మన సర్కారు 'సర్వసన్నద్ధం'. ఈ మాటకు టెండర్లు అక్కర్లేదు, సిబ్బంది అక్కర్లేదు, గడువు తీరిపోతుందన్న బెంగ లేదు. సమీక్షా సమావేశంలో జీడిపప్పు ప్లేట్లు ఖాళీ అయ్యాక, 'ప్రజలు ఆందోళన చెందాల్సిన పని లేదు' అని విలేకరులకు చెప్పేస్తే సగం వైద్యం అయిపోయినట్టే.

దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు 2009 మేలో మన హైదరాబాద్‌లోనే తేలింది. విమానాశ్రయాల్లో జ్వరం పట్టే స్కానర్లు పెట్టారు. ఫ్లూకి మాత్రం ఆ మర్యాద తెలియదు. జ్వరం బయటపడక ముందురోజు నుంచే పక్కవాళ్లకు అంటుకోగలదు. స్కానర్ ముందు నుంచి దర్జాగా నడిచొచ్చి, ఇంటికెళ్లాక దగ్గుతుంది. మన స్వదేశీ టీకా 2010 జూన్‌లో మార్కెట్‌కొచ్చింది. ఆగస్టు 10న మహమ్మారి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించేసింది. ఇంకొన్నాళ్లు ఆగితే దాని సొమ్మేం పోయింది?

అసలు ముచ్చట 2015 జనవరిది. కొత్త తెలంగాణ రాష్ట్రం, చలికాలం, మళ్లీ స్వైన్ ఫ్లూ. వైద్యశాఖ చూస్తున్న ఉప ముఖ్యమంత్రి స్వయానా డాక్టరు. 25వ తేదీన ఆయన్ని పదవి నుంచి తప్పించారు. ఇక ఆసుపత్రుల మీద దృష్టి పెడతారనుకున్నాం. పెట్టారు! ఆ నెలాఖర్లోనే హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిని వికారాబాద్‌కు తరలించాలని మంత్రివర్గం తీర్మానించింది. ఊళ్లో జనం ఊపిరాడక అల్లాడుతుంటే, ఊపిరితిత్తుల ఆసుపత్రికి మూటాముల్లె సర్దారన్నమాట. ఎందుకయ్యా అంటే, ఆ స్థలంలో కొత్త సచివాలయం కట్టాలట. ఉన్నదానికి వాస్తు బాగాలేదట. వైరస్ ఏ మూల నుంచి జొరబడుతుందో కూడా ఆ శాస్త్రంలో రాసుందేమో, వాకబు చేయాలి. వికారాబాద్ దగ్గరి అనంతగిరి గాలి గొప్పదే, కాదనను. ఆయాసంతో రొప్పుతున్న సనత్‌నగర్ మనిషి ఆ గాలి పీల్చడానికి 70 కిలోమీటర్లు బతికుండాలి కదా!

చివరికి సచివాలయం పాత చోటే కట్టారు, 2023 ఏప్రిల్ 30న ప్రారంభించారు. ఛాతీ ఆసుపత్రి ఎర్రగడ్డలోనే ఉండిపోయింది. ఏలినవారి ముందుచూపు వల్ల కాదు, రోగుల అదృష్టం వల్ల.

ఫ్లూ మళ్లీ వస్తుంది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈసారి మంత్రిగారు పడకల లెక్క చదువుతుంటే చప్పట్లు కొట్టకండి. మీ జిల్లా ఆసుపత్రికి వెళ్లి అడగండి: ఎన్ని వెంటిలేటర్లు పనిచేస్తున్నాయి, అర్ధరాత్రి వాటిని నడిపేవాళ్లు ఎందరున్నారు?