చల్లని మేస్త్రీకి వెచ్చని శాలువా

హైదరాబాద్‌లో సన్మానం జరగని మనిషి దొరకడం కష్టం. కవికి జరుగుతుంది, కవిని సభకు పరిచయం చేసినవాడికి జరుగుతుంది, పరిచయం చేస్తున్నప్పుడు మైకు సవరించినవాడికీ ఒక్కోసారి జరుగుతుంది. సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో పుట్టింది. అప్పట్నుంచి ఈ చుట్టుపక్కల మెడల్లో పడ్డ దండలన్నీ కలిపి కడితే కోఠి నుంచి నాంపల్లి స్టేషన్ దాకా తోరణం అవుతుంది. బిల్డర్ల సంగతైతే చెప్పనే అక్కర్లేదు. బెస్ట్ లగ్జరీ, బెస్ట్ ఎమర్జింగ్, ఎందులో బెస్టో ఎవరికీ తేలనివి మరికొన్ని. ఇన్ని దండల మధ్య ఒక్క పువ్వు కూడా దక్కనివాడు ఒకడున్నాడు. ఉన్న ఇల్లు కూల్చకుండా, ఉన్న గోడల మధ్యనే వేడి తగ్గించి, కరెంటు బిల్లు దించే మేస్త్రీ.

అతనికి దక్కకపోవడానికి పెద్ద కుట్రేమీ లేదు. కొత్త భవనానికి రిబ్బన్ కట్టొచ్చు. పాత డాబాకు తెల్ల రంగు వేస్తే రిబ్బన్ ఎక్కడ కడతారు, పిట్టగోడకా? పైగా ముఖ్య అతిథి మే నెల మధ్యాహ్నం మూడంతస్తుల ఇరుకు మెట్లెక్కి రావాలి. వచ్చి చూడ్డానికి ఏముంది? తెల్లటి స్లాబు, రెండు నీళ్ల ట్యాంకులు, ఆరేసిన చీరలు. ఫొటోకు పనికిరాని పని ప్రగతి కింద జమ కాదు.

కూల్చి కట్టడం మాత్రం ఫొటోకు భలే ఒదుగుతుంది. 2020 జులైలో సైఫాబాద్‌లో పాత సచివాలయం బ్లాకులను పడగొట్టడం మొదలుపెట్టారు. 2023 ఏప్రిల్ 30న కొత్త సచివాలయం ప్రారంభమైంది, ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ గోల్డ్ రేటింగూ వచ్చింది. కొత్త భవనంలో వెలుతురుకు, గాలికి మంచి ఏర్పాట్లే ఉండొచ్చు. కానీ పాత బ్లాకుల్లోని సిమెంటు తయారీకి, ఇనుము కరిగించడానికి, ఇటుక కాల్చడానికి తగలేసిన బొగ్గు మాటేమిటి? అది పాత ఖాతా. ఆ పద్దు రాసిన ఫైలుకు కూడా కొత్త భవనంలో బీరువా దొరికే ఉంటుంది.

కౌన్సిల్‌ను తప్పుపట్టడం ఈ మాటల ఉద్దేశం కాదు. దేశం మొత్తానికి గ్రీన్ రేటింగులు పంచే ఆ సంస్థ 2001 నుంచీ హైదరాబాద్ కేంద్రంగానే పనిచేస్తోంది. మాదాపూర్ వైపున్న సీఐఐ-గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. అమెరికా బయట లీడ్ అనే గ్రీన్ రేటింగులో ప్లాటినం అందుకున్న మొదటి భవనం అదే. పాత భవనాలకూ కౌన్సిల్ దగ్గర రేటింగులున్నాయి. సికింద్రాబాద్, కాచిగూడ రైల్వే స్టేషన్లు అలాగే గ్రీన్ అయ్యాయి. కాకపోతే స్టేషన్‌కు దరఖాస్తు నింపే ఇంజినీర్లున్నారు, ఫీజు కట్టే ఖాతా ఉంది. బడీచౌడీ సందులో పై అంతస్తున అద్దెకుంటూ, రాత్రి పదింటికి కూడా సెగలు కక్కే స్లాబు కింద పిల్లలకు విసనకర్రతో విసిరే తల్లి ఏ కాలమ్‌లో టిక్కు పెట్టాలి?

ఉన్న ఇంటికి మార్పులు చేసినవాళ్లను ప్రభుత్వం అసలే గుర్తించలేదంటే అబద్ధమవుతుంది. గుర్తించింది, రెండుసార్లు గుర్తించింది. 2007 చివర్లో బీపీఎస్ (బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్), 2015 నవంబరులో బీఆర్‌ఎస్ (పార్టీ కాదు, బిల్డింగుల క్రమబద్ధీకరణ పథకం). ప్లానులో లేని అంతస్తు లేపినవాళ్లు, సెట్‌బ్యాక్ మింగేసి పక్కింటి కిటికీకి గాలి ఆపేసినవాళ్లు, పార్కింగులో దుకాణం పెట్టినవాళ్లు డబ్బు కట్టి గౌరవంగా కాగితం తీసుకోవచ్చు. రెండోసారి జీహెచ్‌ఎంసీకి లక్షకు పైగా దరఖాస్తులు వచ్చాయి. కోర్టు అడ్డుపడింది కానీ, లేకపోతే ఈపాటికి ఫ్రేములు కట్టించి హాల్లో వేలాడదీసేవాళ్లే. ఇంటికి వేడి పెంచే మార్పుకు క్రమబద్ధీకరణ, వేడి తగ్గించే మార్పుకు నిశ్శబ్దం. ఇదీ మన రిమోడలింగ్ విధానం.

అన్యాయంగా మాట్లాడకూడదు, మంచి విధానం కూడా ఒకటి వచ్చింది. 2023 ఏప్రిల్ 3న తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ విడుదలైంది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లబరచాలి, అందులో 200 హైదరాబాద్‌లోనే. దేశంలో ఇలాంటి విధానం తెచ్చిన మొదటి వరుస రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఖర్చు చదరపు మీటరుకు సుమారు 300 రూపాయలే అన్నారు. అంటే వంద గజాల డాబాకు పాతిక వేలు. మామూలు ఏసీ కూడా ఆ ధరకు కష్టం, పైగా డాబా రంగుకు నెలనెలా కరెంటు బిల్లు రాదు.

ఇక అసలు మెలిక. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు స్థలం ఎంతున్నా కూల్ రూఫ్ తప్పనిసరి. నివాసాలకైతే 600 గజాలూ, ఆ పైన ఉంటేనే. అంతకు తక్కువైతే ఓనరు దయ. తప్పనిసరైన చోట చేయకపోతే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వరట. కోఠి, ఆబిడ్స్, నాంపల్లి సందుల్లో 600 గజాల ఇల్లంటే అది ఇల్లు కాదు, దేవిడీ. ఆ సర్టిఫికెట్ కొత్త ఇంటికి ఒక్కసారి ఇచ్చేది. అరవై ఏళ్ల కింద కట్టిన ఇల్లు ఇప్పుడు వెళ్లి ఆ కాగితం అడగదు, ఆఫీసు వచ్చి ఇవ్వదు. కాబట్టి చట్టం నిజాయితీగా ఎండను వెతుక్కుంటూ కొత్త విల్లాకు వెళ్లింది. ఎండ మాత్రం యథాప్రకారం సుల్తాన్ బజార్‌లోనే దిగింది.

చిన్న ఇళ్లకు ఇది పనికొస్తుందా అన్న అనుమానం కూడా ఎవరికీ అక్కర్లేదు, పరీక్ష ఎప్పుడో అయింది. 2017లో ఇదే నగరంలో దేవరకొండ బస్తీలో 25 పేద ఇళ్ల కప్పుల మీద తెల్లటి పొర పరిచి చూశారు. ట్రిపుల్ ఐటీ, అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ లాంటి సంస్థలు అందులో ఉన్నాయి. ఇంట్లో వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. అంతకుముందే 2012లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం బర్క్‌లీ ల్యాబ్, ట్రిపుల్ ఐటీ పరిశోధకులు హైదరాబాద్‌లోనే రెండు వాణిజ్య భవనాలను కొలిచారు. నల్లటి కప్పును తెల్లగా మారిస్తే చదరపు మీటరుకు ఏడాదికి 20 నుంచి 22 యూనిట్లు మిగిలింది. మామూలు సిమెంటు కప్పు మీద కూడా 13, 14 యూనిట్లు. పరిశోధకులకు పత్రం దక్కింది, నాయకులకు ప్రారంభోత్సవం దక్కింది. నిచ్చెనెక్కి బ్రష్షు ఆడించినవాడికి ఆ రోజు కూలీ దక్కింది, అదీ సాయంత్రం ఓనరు ఇంట్లో ఉంటే.

కోఠికి చల్లని ఇల్లు కొత్త కాదు. రెసిడెన్సీ భవనాన్నే చూడొచ్చు. 1803 ప్రాంతంలో జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ మొదలుపెట్టించాడు, మద్రాసు ఇంజినీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్ కట్టాడు. ఎత్తైన కప్పులు, దిట్టమైన గోడలు, డంగుసున్నం. కిర్క్‌పాట్రిక్ మొదట బారెడు ప్లాను పరిస్తే నిజాం వద్దన్నాడనీ, అదే బొమ్మను చిన్న అట్ట మీద గీసి చూపిస్తే సరే అన్నాడనీ ఒక కథ చెప్పుకుంటారు. నిజమైతే, హైదరాబాద్‌లో ప్లాను శాంక్షన్ మెళకువలకు ఆయనే ఆదిగురువు. 1949 నుంచి ఆడపిల్లల కాలేజీ, ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం. వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ 2002లో దాన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది, ఆ తర్వాత మరమ్మతులు ఏళ్ల తరబడి సాగాయి. రస్సెల్ పేరు రెండు శతాబ్దాలుగా పుస్తకాల్లో ఉంది. ఈ కాలంలో సున్నం కలిపిన సుతారుల పేర్లు ఏ పలక మీదుంటాయో వెతకడం ఒక వ్యాయామం.

రెసిడెన్సీ గేటు దాటి బయటికొస్తే మన రిమోడలింగ్ ప్రతిభ కనిపిస్తుంది. పాత ఇళ్లకు పైన రోషన్‌దాన్ ఉండేది, వేడిగాలి అందులోంచి బయటికి పోయేది. కింద దుకాణం పెట్టారు, గల్లా పెట్టెకు ముందు చోటు కావాలి కాబట్టి మధ్యలో అటక వేసి గది ఎత్తు సగం చేశారు. రోషన్‌దాన్‌కు అట్టపెట్టెలు అడ్డం పెట్టారు. తర్వాత ఇంటీరియర్ వాళ్లొచ్చి ఫాల్స్ సీలింగ్ దించారు. ఇంటి మొహం బాగాలేదని కిటికీలన్నీ మూసి మీద మెరిసే అల్యూమినియం ప్యానెళ్లు బిగించారు. చివరికి ఉక్కపోస్తోందని ఏసీ పెట్టారు. దాని ఔట్‌డోర్ యూనిట్ సందులోకి వేడి ఊదుతుంది, ఎదుటింటివాళ్లకు ఉక్కపోసి వాళ్లూ ఏసీ పెడతారు, వాళ్లది ఇటు ఊదుతుంది. ఇరుగుపొరుగు ఇచ్చిపుచ్చుకోవడం ఇంకా బతికే ఉందనడానికి ఇదే సాక్ష్యం. ఈ మొత్తం కార్యక్రమాన్ని బిల్లులో 'రినోవేషన్' అని రాస్తారు.

కాంట్రాక్టర్‌ను మాత్రం ఏమనగలం? ట్రూప్ బజార్‌లో నిలబడితే లెక్క అర్థమవుతుంది. షాండ్లియర్‌లో మార్జిన్ ఉంది, ఇటాలియన్ పేరున్న కుళాయిలో మార్జిన్ ఉంది, టైల్స్‌లో ఇంకా ఉంది. కిటికీ సందులకు పట్టీ కొట్టడంలో, పడమటి గోడకు చజ్జా వేయడంలో, అటక దించి రోషన్‌దాన్ తెరవడంలో ఏముంది? ఒక రోజు కూలీ. ఓనరుకు కూడా చుట్టాలకు చూపించుకునే వస్తువే కావాలి. 'మా ఇల్లు రెండు డిగ్రీలు తక్కువ' అని గృహప్రవేశంలో ఎవరూ చెప్పుకోరు.

అధికారులకూ ఇల్లు, కరెంటు పొదుపు కలిపి ఆలోచించే అవకాశం లేక కాదు. హౌసింగ్ బోర్డు కొలువుదీరిన గృహకల్ప నాంపల్లిలో. ఉమ్మడి రాష్ట్రంలో సంప్రదాయేతర ఇంధన వనరుల సంస్థ నెడ్‌క్యాప్ కార్యాలయం నాంపల్లి పిస్గా కాంప్లెక్స్‌లో. ఇళ్ల ఆఫీసు, కరెంటు పొదుపు ఆఫీసు నడిచి వెళ్లేంత దూరంలో ఏళ్లకేళ్లు కాపురమున్నాయి. మధ్యలో రోడ్డు దాటడం కష్టమని నాంపల్లి తెలిసినవాళ్లు ఒప్పుకుంటారు. ఢిల్లీలో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018 డిసెంబరు 14న ఎకో నివాస్ సంహిత విడుదల చేసింది. గోడలూ కిటికీల గుండా లోపలికొచ్చే వేడికి చదరపు మీటరుకు 15 వాట్ల హద్దు గీసింది. చాలా మంచి హద్దు, కొత్త ఇళ్లకు.

ఉన్న ఇంటికి ప్రోత్సాహం ఒక్క చోట దొరుకుతుంది, అదీ యాదృచ్ఛికంగా. 2024 మార్చి నుంచి వస్తున్న గృహజ్యోతి కింద అర్హులకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా, 200 దాటితే మొత్తం కట్టాలి. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు లాగుతుంది, కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను సుమారు 30. రోజుకు 15 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యానుకు నెలకు 20 యూనిట్లు మిగులు, మూడు ఫ్యాన్లకు 60. అంటే 240 యూనిట్ల ఇల్లు 180కి దిగి సున్నా బిల్లు అందుకుంటుంది. ఫ్యాన్లు మార్చిన ఎలక్ట్రీషియన్‌ను ఆ ఇంటివాళ్లు దేవుడిలా చూడాలి. చూస్తారు కూడా, తర్వాతి నెల రీడింగ్ వచ్చేదాకా. అటుపైన ఆ ఘనత పథకానికి పోతుంది.

అమెరికాలో పాత ఇళ్ల మరమ్మతులకు హోమ్ పర్ఫార్మెన్స్ విత్ ఎనర్జీ స్టార్ అనే ప్రభుత్వ కార్యక్రమం నడిచింది. ఏడాదిలో వందకు పైగా ఇళ్లను బాగుచేసిన కాంట్రాక్టర్లకు 'సెంచురీ క్లబ్' పేరిట గుర్తింపు ఇచ్చేవారు. అద్దాల మేడ అక్కర్లేదు, ఇళ్ల లెక్క చాలు. మన దగ్గర అదే పెడితే దరఖాస్తు ఎలా ఉంటుందో ఊహించొచ్చు: మూడు ప్రతులు, మూడేళ్ల టర్నోవర్, జీఎస్టీ నంబరు, గెజిటెడ్ సంతకం. పొద్దున్నే అడ్డా మీద పని కోసం నిలబడే సుతారి మొదటి పేజీలోనే రాలిపోతాడు. చివరికి అవార్డు ఫామ్‌హౌస్ డాబాకు కూల్ పెయింట్ వేయించిన పెద్ద సంస్థకు వెళ్తుంది. సభ 18 డిగ్రీల ఏసీ హాల్లో జరుగుతుంది. నిజంగా రంగు వేసిన మనిషిని ఎవరో గుర్తుపట్టి వేదిక మీదికి లాగినా, మే నెలలో అతనికి కప్పేది ఉన్ని శాలువా.

అందుకని జీహెచ్‌ఎంసీకి ఒక విన్నపం. ఆస్తి పన్ను ఏప్రిల్‌లోనే కట్టేసినవాళ్లకు ఎర్లీ బర్డ్ పేరుతో 5 శాతం తగ్గించే అలవాటు ఎలాగూ ఉంది. డాబా తెల్లబరిచిన పాత ఇంటికి, గజాలు ఎన్నున్నా, ఒక ఏడాది అదే 5 శాతం ఇవ్వండి. తనిఖీకి ఒక ఫొటో, రెండు వేసవుల కరెంటు బిల్లులు చాలు. పన్ను రసీదు మీద ఓనరు పేరు కింద పని చేసిన మేస్త్రీ పేరు, ఫోన్ నంబరు అచ్చు వేయండి, అతను ఒప్పుకుంటేనే. వచ్చే ఏప్రిల్‌లోగా ఉత్తర్వు తీయడానికి టైముంది.