జ్వరం పక్కన మనిషేడీ?

మా రోజుల్లో నాందేడ్ ఇత్వారాలో ఎవరింట్లో పిల్లకు జ్వరమొచ్చినా, ఆ రాత్రి ఒకరు మేలుకొని ఉండాల్సిందే. నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేవాళ్లు. ఒంటికి పోయిందా, నాలుక తడిగా ఉందా, పిలిస్తే పలుకుతోందా అని కనిపెట్టుకొని ఉండేవాళ్లు. ఉప్పు వేసిన గంజి చెంచాతో తాగించేవాళ్లు.

ఇప్పుడో? థర్మామీటరులో 101 కనబడితే ఒక గోలీ, గంట గడవకముందే ఇంకో గోలీ. సాయంత్రం దవాఖానకు పోయి, సూది వెయ్యండి, సెలైన్ ఎక్కించండి, రేపు బడికి పోవాలి అంటారు. అక్కర్లేదన్న డాక్టరు చెడ్డవాడైపోతాడు. జ్వరమంటే లోపల చేరిన రోగంతో ఒళ్లు చేసే పోట్లాట. 100.4 గానీ అంతకు మించి గానీ ఉంటేనే దాన్ని జ్వరమంటారు. పిల్ల ఆడుకుంటూ నీళ్లు తాగుతుంటే గోలీకి తొందరేముంది? ఒళ్లు నొప్పులతో అల్లాడుతుంటే పారాసిటమాల్ ఇవ్వండి. అదీ తూకాన్ని బట్టి: కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, కనీసం నాలుగు గంటల ఎడం, రోజుకు నాలుగుసార్లకు మించకుండా. మెడికల్ షాపులో దొరికే ఈ మందు సీసాలన్నీ ఒక్కటి కావు. అయిదు మిల్లీలీటర్లలో ఒకదాంట్లో 120 మిల్లీగ్రాములుంటే ఇంకోదాంట్లో 250 ఉంటాయి. పాత కొలతతో కొత్త మందు పోస్తే మోతాదు రెట్టింపే. సీసా మీది చీటీ చదివే ఓపిక ఎవరికుంది?

మా చిన్నప్పుడు మలేరియా వర్కరు ఇంటింటికీ తిరిగేవాడు. జ్వరమున్నవాళ్ల వేలు గుచ్చి, గాజుపలక మీద నెత్తురుచుక్క తీసి, గోడ మీద తారీఖు రాసిపోయేవాడు. 1897లో సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నాక నేర్చిన క్రమశిక్షణ అది. ఇప్పుడు గల్లీ గల్లీకి ల్యాబులున్నా, పరీక్ష కంటే ముందే యాంటీబయాటిక్ మింగేస్తారు. వైరస్ జ్వరానికి అది పనికిరాదని ఎన్నిసార్లు చెప్పాలి?

వానాకాలం డెంగీ సంగతి మరీ ఘోరం. ఒళ్లునొప్పులని ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వేసుకుంటారు. నెత్తురు కారే ముప్పును అవి పెంచుతాయి. జ్వరం దిగగానే పనికి పోతారు. అసలు గండం అప్పుడే! కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో నెత్తురు, చల్లబడ్డ చేతులు, మత్తు కనిపిస్తే విష్ణుపురి పెద్ద దవాఖానకు పరుగెత్తాలి. మూడు నెలల్లోపు పసిబిడ్డకు 100.4 ఉంటే చాలు, తెల్లారేదాకా ఆగకూడదు. పిల్లకు ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టొద్దు. అయిదు నిమిషాల్లో ఆగకపోతే బండెక్కించాలి.

మా కాలమంతా బంగారమని నేననను. లంఖణాలని పిల్లల్ని మాడ్చారు, దుప్పట్లు కప్పి ఉడకబెట్టారు. తట్టు, టైఫాయిడ్ ఎందరు పసివాళ్లను తీసుకుపోయాయో! టీకాలు, ఓఆర్ఎస్ వచ్చినందుకు దండం పెడతాను. కానీ ఇన్ని సౌకర్యాలు వచ్చాక, పక్కన కూర్చునే మనిషి ఎందుకు పోవాలి?

ఇంట్లో జ్వరమొస్తే ఫోను పక్కన పడేసి ఒక కాగితం తీసుకోండి. ఏ టైముకు ఎంత జ్వరం, ఏ మందు ఎంత, ఎన్ని నీళ్లు తాగింది, ఎన్నిసార్లు ఒంటికి పోయింది రాయండి. డాక్టరు ముందు ఆ కాగితం పెట్టండి. ఏ సూదీ చెప్పని సంగతులు అది చెబుతుంది.