అరవై రోజుల లెక్క

శనివారమైతే బెంగళూరు జనం పావగడ శనిమహాత్ముడి గుడికి వస్తారు. ఆ పావగడ దగ్గరి మంగళవాడలో పుట్టిన నేను మాత్రం పందేలున్న శనివారమల్లా బెంగళూరు రేస్‌కోర్సులో ఉండేవాణ్ణి. ఎవరి శని ఎక్కడుంటే అక్కడికి పోవాలి కదా!

నాది గుడ్డి పందెం కాదు. గుర్రప్పందెంలో అదృష్టం కంటే నైపుణ్యమే ఎక్కువని మద్రాసు రేస్ క్లబ్ కేసులో 1996లో సుప్రీంకోర్టే చెప్పింది. బిల్ బెంటర్ అనే అమెరికా ఆయన హాంకాంగ్‌లో కూర్చుని కంప్యూటర్ లెక్కలతో కోట్లు గడించాడు. నాకు అంత బుర్ర లేదు గనక ట్రైనర్లను పట్టుకున్నాను. గుర్రాన్ని ఎప్పుడు దింపాలి, ఎంత దూరం పరిగెత్తించాలి, ఎన్నాళ్లు కట్టేసి ఉంచాలి, అన్నీ వాళ్ల చేతిలోనివే. పాత రేసు పుస్తకాలు ముందేసుకుని, ఎవరి గుర్రాలు ఎన్నిసార్లు దిగాయి, ఎన్నిసార్లు గెలిచాయని రాత్రిళ్లు నోటుబుక్కు నింపాను. ఒకాయన దగ్గర నిధి దొరికింది. 60 రోజులకు మించి విశ్రాంతినిచ్చి దింపిన 11 సార్లలో 4 గెలుపులు!

మళ్లీ అలాంటి అదను వచ్చింది. ఒకే పందెంలో ఆయనవి రెండు గుర్రాలు, రెండూ 60 రోజులు దాటినవే. ఫేవరెట్ మీద పదివేలు కాశాను. రెండోది గెలిచింది.

తమాషా ఏమిటంటే, దాంతో నా లెక్క ఇంకా గట్టిపడింది. 13కి 5! జేబు ఖాళీ అయింది గానీ సిద్ధాంతానికి ఢోకా లేదు. ఆ ఉత్సాహంలోనే ఊరికి బస్సెక్కాను.

అత్త ఆ రాత్రి ఎందుకో నన్ను నోరు తెరవనివ్వలేదు. "ముందు తిను నాయనా. మాటలు రేప్పొద్దున చూసుకుందువులే" అంటూ రాగిముద్ద మీద ముద్ద వేసింది. చెయ్యి కడుక్కోగానే మామ ముందు నోటుబుక్కు తెరిచాను.

"ఇరవై వేలు సర్దు మామా, నెలలో ఇచ్చేస్తా."

మామ కళ్లద్దాలు పెట్టుకుని గీతగీతకూ వేలు పెట్టి చదివాడు.

"మన చేన్లోనూ పదమూడేండ్లకి అయిదు పంటలొచ్చినాయి. యా ఏడు వచ్చేది ముందే తెలిసింటే చెనిక్కాయలేసి నేనెందుకు మునుగుతా? యా గుర్రం గెలిచేది ఆ ట్రైనరుకన్నా తెలుసునో లేదో. నీకైతే తెలీదు కదప్పా."

నా దగ్గర జవాబు లేదు. నేను చదివే పుస్తకాన్నే రేస్‌కోర్సంతా చదువుతుంది. అందుకే నా లెక్కలో తేలిన గుర్రమే ఫేవరెట్ అవుతుంది, గెలిచినా చేతికొచ్చేది చిల్లర. క్లబ్బు నడిపే టోట్ పందెంలో అయితే క్లబ్బు వాటా, పన్ను పోగా మిగిలిందే గెలిచినవాళ్లు పంచుకోవాలి. ఇవన్నీ మామకు చెప్పలేదు. చెబితే ఇరవై వేలు ఎలా వస్తాయి?

"నీ లెక్క తప్పని కాదురా. లెక్కంటే నాకూ ఇష్టమే" అంటూ మామ తలుపు వెనక మేకుకున్న క్యాలెండర్ల కట్ట తీశాడు. ఐదేళ్లవి, ఒకదాని మీద ఒకటి. పాల లెక్క, కూలీల లెక్క, మధ్యలో అక్కడక్కడా ఎర్రసిరాతో 'అ'.

"అ అంటే?"

"అల్లుడు. నువ్వు ఊరికొచ్చిన దినాలు. అరవై దినాలు దాటించుకోని వచ్చింది ఏడు తడవలు. ఏడు తడవలూ దుడ్లు అడిగినావు. ఇయ్యాలకి అరవై రెండు. మీ ట్రైనర్లలో ఎవురికన్నా ఉందా ఇంత లెక్క?"

నేను నవ్వబోయాను. మామ నవ్వలేదు. వంటింటి వైపు చెయ్యి చాపి, "తేవే" అన్నాడు.

అత్త వచ్చి, చెంగు ముడి విప్పి, మడతలు పడిన వంద నోటు మామ చేతిలో పెట్టింది. నా వైపు చూడకుండానే అంది:

"నీ మీదనే కాసింటి నాయనా."