బ్లీచింగ్ ముగ్గు

మంత్రిగారి రాక సంగతి మన ఊళ్లకు పేపరు కన్నా ముందు రోడ్డే చెబుతుంది. తెల్లారేసరికి మురిక్కాలువ గట్టున దుమ్ము మీద బ్లీచింగ్ పౌడర్ గీత పడి ఉంటుంది. సంక్రాంతి ముగ్గు కూడా అంత తిన్నగా రాదు. కాలువలో నీళ్లు మాత్రం యథాప్రకారం నల్లగా కదలకుండా ఉంటాయి. ఆ పౌడర్‌లో పనిచేసేది క్లోరిన్. దానికి వైరస్‌కీ పేడకీ తేడా తెలియదు, ముందు ఏది తగిలితే దానితోనే ఖర్చయిపోతుంది. మట్టి మీద చల్లితే మట్టికే సరి. అయినా ఘాటు ముక్కుకు తగిలింది కాబట్టి ఊరు శుభ్రపడినట్టే. క్రిమిసంహారం మన దగ్గర రసాయనశాస్త్రం నుంచి తప్పుకుని సంప్రోక్షణలో కలిసి చాలాకాలమైంది.

ఆ సంప్రోక్షణకు బ్రహ్మోత్సవం కోవిడ్ వచ్చిన 2020లో జరిగింది. మార్చి నెలాఖరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీలో, సొంతూళ్లకు తిరిగొచ్చిన వలస కూలీలను రోడ్డు మీద కూర్చోబెట్టి మందునీళ్లతో తడిపేశారు. తర్వాత మనుషులు నడిచి వెళ్లే స్ప్రే సొరంగాలు వెలిశాయి. మనుషుల మీద కొట్టొద్దని ఏప్రిల్ 18న కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పాల్సి వచ్చింది. వీధుల్లో కొట్టినా ఉపయోగం లేదని మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ‘కొత్త రోగం, అప్పుడెవరికి తెలుసు?’ అనొచ్చు. న్యాయమైన మాటే. కానీ తెలిశాక కూడా పాలప్యాకెట్టుకు తలంటు ఆగలేదు. కోవిడ్ వైరస్ అంటిన వస్తువును ఒకసారి ముట్టుకుంటే రోగం వచ్చే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటి కన్నా తక్కువని 2021 ఏప్రిల్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ లెక్క కట్టింది. వైరస్ గాలిలో వస్తుంటే మనం తలుపు గొళ్లెం తోముతూ కూర్చున్నాం.

‘అయితే మందులన్నీ దండగేనా?’ అంటే, కాదు. ఏ వైరస్‌కు ఏ మందో తెలిస్తే దండగ కాదు. కరోనాకీ ఫ్లూకీ పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బుకే చిరిగిపోతుంది. 70 శాతం ఆల్కహాల్ కూడా సరిపోతుంది. వాంతులూ విరేచనాలూ తెచ్చే నోరోవైరస్‌కు ఆ చొక్కా లేదు కాబట్టి శానిటైజర్ దాన్ని పెద్దగా ఏమీ చేయలేదు. ఇంట్లో పిల్లాడు వాంతి చేసుకున్నప్పుడు బ్లీచ్‌కు నిజంగా పని పడుతుంది. చేతులకు తొడుగులేసుకుని, కిటికీలు తెరిచి, ముందు అదంతా తుడిచి, సబ్బునీళ్లతో కడగాలి. ఆ తర్వాతే బ్లీచ్. సీసా మీద 5 శాతం అని ఉంటే 20 మిల్లీలీటర్లకు నీళ్లు కలిపి లీటరు చేస్తే 0.1 శాతం అవుతుంది. నోరోవైరస్‌కు అది కనీసం, 0.5 శాతం దాకా వెళ్లొచ్చు. ఆ నీళ్లు ఏ రోజువి ఆ రోజే కలుపుకోవాలి, నిలవుంటే పస తగ్గుతుంది.

‘డబ్బా మీద 99.9 శాతం అని రాసుందిగా!’ అంటారు. రాసుంది. కానీ ఆ అంకెకు షరతు డబ్బా వెనక చీమతలకాయంత అక్షరాల్లో దొరుకుతుంది: ఇన్ని నిమిషాలు తడిగా ఉంచాలని. స్ప్రే కొట్టిన చేత్తోనే తుడిచేసేవాళ్లకు ఆ 99.9 వర్తించదు. ఇక ఘాటు పెరిగితే బలం పెరుగుతుందనే వాదం. నీళ్లు కలిసిన 70 శాతం ఆల్కహాలే నూరు శాతందాని కన్నా బాగా పనిచేస్తుంది, ప్రొటీన్లను చెడగొట్టడానికి దానికి నీళ్లు కావాలి. అంతకన్నా ప్రమాదం, టాయిలెట్ కడిగే యాసిడ్‌నూ బ్లీచ్‌నూ కలిపేసే ఇంటి శాస్త్రం. ఆ కలయికలో పుట్టేది క్లోరిన్ వాయువు. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని యీప్ర్ దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదకు వదిలింది దాన్నే. వాళ్లు కనీసం బయట వదిలారు. మనం తలుపేసుకున్న బాత్రూంలో, ముక్కు దగ్గర పెట్టుకుని వదులుకుంటున్నాం. కళ్లు మండుతున్నాయంటే మందు పనిచేస్తోందని కాదు, మీరు బయటికి రావాలని అర్థం.

మంత్రిగారి ముగ్గును కార్ల టైర్లు మధ్యాహ్నానికల్లా చెరిపేస్తాయి, దానితో మనకు పనిలేదు. మీ ఇంటి సీసా సంగతి చూడండి. ఈసారి కొనేటప్పుడు మూత తీసి వాసన చూడకండి. వెనక్కి తిప్పి చదవండి.